స్పీకర్ గరగరలాడితే తప్పు చిప్‌ది కాదు

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీలో మాట్లాడే గడియారం తయారీ గురించి వచ్చిన వ్యాసం చదివాం. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ లాంటి చిప్) బోర్డుకు మాక్స్98357ఏ అనే చిన్న ఆడియో ఆంప్లిఫయర్ చిప్ తగిలించి, స్పీకర్‌తో గంటలు చెప్పించే ప్రాజెక్టు అది. బొమ్మలో గీసిన ఐదు తీగలూ చూడటానికి సరైనవే. కోడ్‌లో కూడా తప్పు లేదు. అయినా అలాంటి బొమ్మ చూసి కట్టినవాళ్లలో చాలామందికి మొదట దక్కేది గరగరే. కొందరికి అసలు శబ్దమే రాదు. ఇంకొందరికి గొంతు పెద్దదైనప్పుడల్లా బోర్డు రీస్టార్ట్ అవుతుంది. నాసిరకం చిప్ వచ్చిందనుకుని దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తెచ్చి పెడతారు. అదీ అలాగే గరగరలాడుతుంది. ఈ చిప్‌ను రకరకాల ప్రాజెక్టుల్లో వాడుతున్నవాళ్లుగా మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. లోపం దాదాపు ఎప్పుడూ చిప్ బయటే ఉంటుంది. కరెంటు వచ్చే దారిలోనో, శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే గెయిన్ పిన్నులోనో, స్పీకర్‌లోనో, మనం పంపే అంకెల్లోనో దొరుకుతుంది. మీ వ్యాసంలో ఈ నాలుగింటి ఊసే లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు చిప్ సంగతి క్లుప్తంగా. మామూలు ఆంప్లిఫయర్‌కు అనలాగ్ సిగ్నల్ ఇవ్వాలి. దీనికి అంకెలే ఇస్తాం. ఫిలిప్స్ సంస్థ 1986లో తెచ్చిన ఐటూఎస్ పద్ధతిలో మూడు తీగల మీద అవి వస్తాయి: ఒక్కో బిట్‌ను లెక్కపెట్టే బిట్ క్లాక్, ఏ చానెలో చెప్పే ఎడమ-కుడి క్లాక్, అంకెలు మోసే డేటా. అంకెలను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీ, వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే క్లాస్-డి ఆంప్లిఫయర్ రెండూ చిప్ లోపలే ఉన్నాయి. మాస్టర్ క్లాక్ అనే నాలుగో తీగ అక్కర్లేదు. 2.5 నుంచి 5.5 వోల్టుల వరకు నడుస్తుంది. 5 వోల్టుల మీద 4 ఓంల స్పీకర్‌కు 3.2 వాట్లు ఇస్తుందని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చెబుతుంది గానీ, ఆ అంకె 10 శాతం డిస్టార్షన్, అంటే శబ్దం వికృతం కావడం, దగ్గరిది. శుభ్రంగా వినబడేది సుమారు 2.5 వాట్ల వరకే. 3.3 వోల్టుల లాజిక్‌ను నేరుగా అర్థం చేసుకుంటుంది కాబట్టి చిప్‌ను 5 వోల్టుల మీద నడిపినా సిగ్నల్ వోల్టేజీని మార్చే లెవెల్ షిఫ్టర్ అవసరం లేదు. కొందరు జాగ్రత్త కోసమని లెవెల్ షిఫ్టర్ పెడతారు. చౌకరకం షిఫ్టర్లు బిట్ క్లాక్ అంచులను మొద్దుబారుస్తాయి. దాన్ని తీసేయడమే మంచిది.

మీ వ్యాసం చివర ‘ఏ మైక్రోకంట్రోలర్‌తోనైనా చేసుకోవచ్చు’ అన్న వాక్యం ఉంది. అది సవరించాలి. ఆర్డునో ఊనో, నానో బోర్డుల్లోని ఏటీమెగా328పీకి ఐటూఎస్ లేదు. ఎస్‌పీఐ అనే ఇంకో రకం డేటా తీగలు చూడటానికి అలాగే ఉన్నా, ఈ చిప్ అడిగే ఎడతెగని క్లాక్ వాటి మీద రాదు. ఈఎస్‌పీ32లో ఐటూఎస్‌ను దాదాపు ఏ పిన్నుకైనా మళ్లించవచ్చు. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు మాత్రం ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, అక్కడ తగిలిస్తే శబ్దం రాదు. ఈఎస్‌పీ8266లో పిన్నులు మార్చుకునే వీలు లేదు: బిట్ క్లాక్ 15, ఎడమ-కుడి క్లాక్ 2, డేటా 3. ఆ మూడో పిన్నే సీరియల్ పోర్టు రిసీవ్ పిన్ను కూడా కాబట్టి, ఆడియో నడుస్తున్నంతసేపు కంప్యూటర్ నుంచి సీరియల్ మాటలు బోర్డుకు అందవు. రాస్‌బెర్రీ పై మీద ఆ మూడూ వరసగా 18, 19, 21 నంబరు జీపీఐఓ (ప్రోగ్రామ్‌తో నడిపే) పిన్నులు. ఇంకో తికమక కూడా తరచూ ఎదురవుతుంది. పీసీఎం5102ఏ బోర్డు కూడా ఐటూఎస్‌దే, చూడటానికి ఇలాగే ఉంటుంది. కానీ అది డీఏసీ మాత్రమే, స్పీకర్‌ను నడిపే బలం దానికి లేదు. దానికి నేరుగా స్పీకర్ కట్టి పీలగా వస్తోందని బాధపడి లాభం లేదు.

ఇక అసలైన సంగతి కరెంటు. మీ బొమ్మలో ఆంప్లిఫయర్ విన్ (కరెంటు తీసుకునే) పిన్ను నుంచి ఈఎస్‌పీ32 బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు గీత గీశారు. ఎన్నో ప్రాజెక్టుల ప్రాణం ఈ ఒక్క గీత దగ్గరే పోతుంది. లెక్క చూడండి. 5 వోల్టుల మీద 4 ఓంల స్పీకర్ శబ్ద తరంగపు శిఖరం దగ్గర లాగగలిగేది 1.25 ఆంపియర్లు. సగటు అంతకన్నా బాగా తక్కువే, కానీ డోలు దెబ్బలాంటి శబ్దానికి కావలసింది సగటు కాదు, ఆ శిఖరం. అదే సమయంలో ఈఎస్‌పీ32 వైఫై పంపడం మొదలుపెడితే దాని వంతుగా ఇంకో 240 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు ఆ 5 వోల్టుల పిన్ను వెనక ఏముందో చూద్దాం. చాలా డెవలప్‌మెంట్ బోర్డుల్లో యూఎస్‌బీ సాకెట్‌కు, ఆ పిన్నుకు మధ్య కరెంటును ఒకే వైపు పోనిచ్చే షాట్కీ డయోడ్ ఒకటి ఉంటుంది. అక్కడ 0.3 నుంచి 0.4 వోల్టులు పోతాయి. అంటే ఆ పిన్ను దగ్గర మిగిలేది 4.6 వోల్టుల చిల్లర. అదే గీత మీద బోర్డు రెగ్యులేటర్ ఏఎంఎస్1117 కూర్చుని ఉంటుంది. 3.3 వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే దానికి పైన కనీసం 1.1 వోల్టు కావాలి, అంటే 4.4 వోల్టులు. మిగిలిన వెసులుబాటు 0.2 వోల్టు మాత్రమే. సన్నటి యూఎస్‌బీ కేబుల్ మీద ఒక్క పెద్ద దెబ్బకి అది హరించుకుపోతుంది. ఈఎస్‌పీ32లో వోల్టేజీకి కాపలా కాసే బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ అది గమనించి బోర్డును రీసెట్ చేస్తుంది. పాట నెమ్మదిగా ఉన్నప్పుడు బాగానే మోగి, హోరు పెరిగిన చోట ఆగిపోయి మొదటికి వస్తోందంటే కారణం ఇదే. కోడ్‌లో బ్రౌన్‌అవుట్ డిటెక్టర్‌ను ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. వోల్టేజీ పడిపోవడం ఆగదు, పడిపోయిన సంగతి తెలియకుండా పోతుంది, ఫ్లాష్ మెమరీలో రాతలు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి. దాని దగ్గర నుంచే రెండు జతల తీగలు విడిగా లాగండి: ఒక జత ఈఎస్‌పీ32కు, ఒక జత ఆంప్లిఫయర్‌కు. రెండు గ్రౌండ్లూ అడాప్టర్ దగ్గరే కలవాలి. ఆంప్లిఫయర్ వెళ్లి ఈఎస్‌పీ32 గ్రౌండ్ పిన్ను మీద వేలాడకూడదు. ఆంప్లిఫయర్ జతకు సన్నటి జంపర్ వైర్లు వాడకండి. బ్రెడ్‌బోర్డు స్ప్రింగు పట్టు, జంపర్ వైరు కలిపి 0.2 ఓంలు ఉందనుకుందాం. 1 ఆంపియర్ పోయినప్పుడు వెళ్లే దారిలో 0.2 వోల్టు, తిరిగొచ్చే దారిలో 0.2 వోల్టు పోతాయి. మొత్తం 0.4. కాస్త లావుపాటి తీగ తీసుకుని నేరుగా టంకం వేస్తే ఇది దాదాపు మాయమవుతుంది. ప్రోగ్రామ్ ఎక్కించడానికి కంప్యూటర్ యూఎస్‌బీ తగిలించేటప్పుడు, అడాప్టర్ నుంచి ఈఎస్‌పీ32కు వచ్చే 5 వోల్టుల తీగ తీసేసి గ్రౌండ్ మాత్రం ఉంచండి.

చిప్ పక్కనే 0.1, 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు ఉండాలి. చాలా రెడీమేడ్ బోర్డుల మీద అవి ముందే వేసి ఉంటాయి. వాటికి తోడు 470 మైక్రోఫారడ్లు, 10 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ ఒకటి విన్, గ్రౌండ్ పిన్నుల నుంచి 2 సెంటీమీటర్లు మించకుండా పెట్టండి. ప్లస్, మైనస్ ఒకటికి రెండుసార్లు చూసుకుని టంకం వేయండి, తిరగబడితే పగులుతుంది. అయితే ఈ కెపాసిటర్ మీద మరీ పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. 470 మైక్రోఫారడ్ల నుంచి 1 ఆంపియర్‌ను ఒక్క మిల్లీసెకను లాగితే దాని వోల్టేజీ 2.1 వోల్టులు పడిపోతుంది. 100 హెర్ట్జ్ శబ్దంలో ఒక అర్ధ తరంగమే 5 మిల్లీసెకన్లు. అంటే ఈ కెపాసిటర్ వేగంగా వచ్చిపోయే కుదుపులను కాస్తుంది గానీ బలహీనమైన అడాప్టర్‌కు బదులు నిలబడలేదు. కెపాసిటర్ల సైజు పెంచుకుంటూ పోయేవాళ్లు ముందు అడాప్టర్, తీగ మార్చి చూడాలి.

ఆంప్లిఫయర్‌ను బోర్డు మీది 3.3 వోల్టుల పిన్నుకు తగిలించవచ్చా అని చాలామంది అడుగుతారు. చిప్‌కు ఇబ్బంది లేదు. కానీ స్పీకర్ లాగే కరెంటంతా ఆ చిన్న రెగ్యులేటర్ గుండానే పోవాలి, ప్రాసెసర్ కూడా దాని మీదే ఉంది. పైగా శక్తి పడిపోతుంది: 4 ఓంల స్పీకర్‌కు 5 వోల్టుల మీద లెక్క ప్రకారం 3.1 వాట్లయితే, 3.3 వోల్టుల మీద 1.36 వాట్లే. దానికన్నా లిథియం సెల్‌కు నేరుగా తగిలించడం నయం. 3.7 వోల్టుల దగ్గర 1.7 వాట్లు వస్తాయి, నిండుగా చార్జ్ అయిన 4.2 వోల్టులు కూడా చిప్ హద్దులోనే ఉన్నాయి. 6 వోల్టులు దాటితే మాత్రం చిప్ పోతుంది. 9, 12 వోల్టుల అడాప్టర్లను దరిదాపుల్లో ఉంచవద్దు.

రెండో పెద్ద సంగతి గెయిన్. ఇక్కడ జరిగే పొరపాటు ఇంకా విచిత్రమైనది, ఎందుకంటే చేసేవాళ్లు శబ్దం పెంచుతున్నామనుకుంటూ పాడుచేస్తారు. గెయిన్ పిన్నును ఐదు రకాలుగా పెట్టవచ్చు. ఊరికే వదిలేస్తే 9 డెసిబెల్స్. గ్రౌండ్‌కు నేరుగా కలిపితే 12. 100 కిలోఓంల రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలిపితే 15. విన్‌కు నేరుగా కలిపితే 6. 100 కిలోఓంల ద్వారా విన్‌కు కలిపితే 3. చాలామంది పెద్ద అంకె చూసి 15 ఎంచుకుంటారు. డేటాషీట్‌లో ఒక చిన్న సూత్రం ఉంది: అంకెల్లో గరిష్ఠ స్థాయి పంపినప్పుడు అవుట్‌పుట్, గెయిన్‌కు 2.1 కలిపినన్ని డీబీవీలు (1 వోల్టుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే వోల్టేజీ). దాన్ని వోల్టుల్లోకి మార్చి చూస్తే అంతా అర్థమవుతుంది. 9 డెసిబెల్స్ దగ్గర శిఖరం 5.08 వోల్టులు. చిప్‌కు ఇచ్చిందేమో 5 వోల్టులు. రెండూ అతికినట్టు సరిపోయాయి. అంటే 5 వోల్టుల సప్లయ్‌కి, ఫైల్ నిండు స్థాయిలో ఉన్నప్పుడు, పిన్నును ఊరికే వదిలేయడమే సరైన అమరిక. 12 దగ్గర శిఖరం 7.2 వోల్టులు, 15 దగ్గర 10 వోల్టులు కావాలి. అన్ని వోల్టులు చిప్ దగ్గర లేవు కాబట్టి తరంగం తల తెగి చతురస్రంగా మారుతుంది. చెవికి గరగర. స్పీకర్‌కైతే అంతకన్నా హాని: 5 వోల్టుల శిఖరంతో నిండు సైన్ తరంగం 4 ఓంల మీద 3.1 వాట్లయితే, అదే 5 వోల్టుల చతురస్ర తరంగం 6.25 వాట్లు. 3 వాట్ల స్పీకర్ కాయిల్ అది ఎంతోసేపు తట్టుకోదు.

లిథియం సెల్ మీద నడిపేవాళ్లు గెయిన్‌ను 6కు దించాలి. అప్పుడు శిఖరం 3.6 వోల్టులు, సెల్ ఇచ్చే 3.7కు సరిగ్గా ఒదుగుతుంది. మీ వ్యాసంలోని గడియారాన్ని బ్యాటరీకి మార్చుకున్నవాళ్లకు గొంతు ఉన్నట్టుండి బొంగురుపోతే మొదట చూడాల్సింది ఈ పిన్నునే. మరి 12, 15 ఎందుకున్నాయంటే, నెమ్మదిగా రికార్డయిన శబ్దాల కోసం. శిఖరాలు సగం స్థాయి కూడా దాటని ఫైల్ అయితే 15 పెట్టినా ఇబ్బంది లేదు. కానీ ఆ పని చిప్ చేత కాకుండా ముందే కంప్యూటర్‌లో, ఏదైనా ఆడియో ఎడిటర్‌తో శిఖరాలను మైనస్ 1 డెసిబెల్‌కు తెచ్చుకోవడం మేలని మా అభిప్రాయం. అన్ని ఫైళ్లూ ఒకే మట్టంలో ఉంటాయి, ‘పది గంటలు’ గట్టిగా ‘పదకొండు గంటలు’ నెమ్మదిగా పలికే ఇబ్బంది తీరుతుంది.

వాల్యూమ్ తగ్గించడం కోడ్‌లో చేస్తారు కాబట్టి దాని గురించి కూడా ఒక మాట. 16 బిట్ల అంకెను సగం చేసిన ప్రతిసారీ ఒక బిట్ పోతుంది. వాల్యూమ్‌ను 64వ వంతుకు తగ్గిస్తే మిగిలేది 10 బిట్లు, చిన్న శబ్దాల తోకల్లో గరుకుదనం వినిపిస్తుంది. చిప్ 32 బిట్లు కూడా తీసుకుంటుంది. కాబట్టి 16 బిట్ల అంకెను ముందు 32 బిట్ల చోటులో పైకి జరిపి, ఆ తర్వాత గుణించి పంపితే ఈ నష్టం ఉండదు. నాబ్ తిప్పినదానికి సమానంగా గుణకం మార్చితే మొదటి పావులోనే శబ్దమంతా పెరిగిపోయినట్టు అనిపిస్తుంది. చెవి అలా వినదు. ఒక్కో మెట్టు 2 లేదా 3 డెసిబెల్స్ ఉండేలా పట్టిక రాసుకోవాలి.

ఎస్‌డీ (షట్‌డౌన్) పిన్ను గురించి మీ బొమ్మలో ‘ఖాళీగా వదలండి’ అని ఉంది. రెడీమేడ్ బోర్డుల వరకు అది సరే. ఎందుకో తెలిస్తే ఇంకా బాగుంటుంది. ఈ పిన్ను వోల్టేజీని బట్టి చిప్ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తుంది: 0.16 వోల్టు లోపు నిద్ర, అక్కడి నుంచి 0.77 వరకు ఎడమ-కుడి సగటు, 0.77 నుంచి 1.4 వరకు కుడి, ఆపైన ఎడమ. లోపల గ్రౌండ్ వైపు 100 కిలోఓంలు ఉన్నాయి. చాలా బోర్డుల మీద విన్ వైపు 1 మెగాఓం పెట్టి ఉంటుంది. 5 వోల్టుల్లో పదకొండో వంతు, అంటే 0.45 వోల్టు వస్తుంది కాబట్టి రెండు చానెళ్ల సగటు వినబడుతుంది. ఒట్టి చిప్ తెచ్చి సొంత బోర్డు చేసుకున్నవాళ్లు ఈ 1 మెగాఓం మరిచిపోతే లోపలి రెసిస్టర్ పిన్నును సున్నాకు లాగి చిప్‌ను నిద్రపుచ్చుతుంది, అన్ని తీగలూ సరిగ్గానే ఉన్నా కిమ్మనదు. స్టీరియో కావాలంటే రెండు బోర్డులు తీసుకుని మూడు సిగ్నల్ తీగలనూ రెండింటికీ కలపాలి. ఎడమ బోర్డు ఎస్‌డీ పిన్నుకు నేరుగా 3.3 వోల్టులు ఇవ్వాలి. కుడి బోర్డులో ఎస్‌డీ, విన్ మధ్య 470 కిలోఓంలు పెడితే పైనున్న 1 మెగాఓంతో కలిసి సుమారు 320 అవుతుంది, పిన్ను దగ్గర 1.2 వోల్టు వస్తుంది. ఈ విలువ 5 వోల్టుల సప్లయ్‌కి మాత్రమే. సప్లయ్ మారితే లెక్క మళ్లీ వేసుకోవాలి.

స్పీకర్ గురించి ఎవరూ రాయరు. చివరికి వినబడేది మాత్రం దాని నుంచే. వెనక ముద్ర లేని స్పీకర్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. 3.5 ప్రాంతంలో చూపిస్తే 4 ఓంలది, 7 ప్రాంతంలో చూపిస్తే 8 ఓంలది. పాత రేడియోలోంచి తీసిన 8 ఓంలు, అర వాటు స్పీకర్‌కు ఈ చిప్ 5 వోల్టుల మీద ఒకటిన్నర వాట్లు పంపగలదు, కాయిల్ కాలిపోతుంది. కోడ్‌లో స్థాయిని సగానికి కట్టేస్తే 0.4 వాటు దగ్గర ఆగుతుంది, అప్పుడు నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండు 4 ఓంల స్పీకర్లను పక్కపక్కన కలపకండి. 2 ఓంలవుతుంది, చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగుతూ మళ్లీ మొదలవుతూ శబ్దాన్ని ముక్కలు చేస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా కలపవచ్చు.

విడి స్పీకర్‌ను బల్ల మీద పడుకోబెట్టి విని ‘బేస్ లేదు, చిప్ బాగాలేదు’ అని తీర్పు చెప్పేయడం మహా అన్యాయం. స్పీకర్ అట్ట ముందుకు కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసిపోయి రద్దవుతాయి. శబ్దం ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఈ రద్దు ఎక్కువ. అట్టపెట్టెకు సరిపడా రంధ్రం చేసి, స్పీకర్‌ను లోపలి నుంచి బిగించి, అంచుల్లో సందులు లేకుండా జిగురుతో మూసి చూడండి. ఒక్క అర లీటరు పెట్టె చాలు, మాట నిండుగా వస్తుంది. గెయిన్ 9 నుంచి 15కు మార్చినా రాని తేడా ఇక్కడ వస్తుంది. 3 వాట్లకు, ఒకటిన్నర వాట్లకు తేడా 3 డెసిబెల్సే, చెవి దాన్ని కష్టం మీద పట్టుకుంటుంది. ఒకే శక్తికి 82 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ బదులు 90 ఇచ్చేది పెడితే శక్తిని ఆరు రెట్లు పెంచినంత లాభం. ఇంకొకటి: 40 మిల్లీమీటర్ల స్పీకర్‌కు 150 హెర్ట్జ్ కింది శబ్దాలు పంపి ప్రయోజనం లేదు. అవి వినబడవు, అట్టను మాత్రం విపరీతంగా ఊపుతాయి, ఆ ఊపులో మిగతా శబ్దం కూడా చెడుతుంది. కోడ్‌లో 150 నుంచి 200 హెర్ట్జ్ దగ్గర, దానికి కింది శబ్దాలను ఆపే ఒక హైపాస్ ఫిల్టర్ పెట్టండి. కరెంటు శిఖరాలు కూడా తగ్గుతాయి, పైన చెప్పిన రీసెట్లూ తగ్గుతాయి.

పంపే అంకెల్లో తప్పుంటే చెవే చాలావరకు చెప్పేస్తుంది. మాట రెట్టింపు వేగంతో కీచుమంటే, ఒకే చానెల్ ఫైల్‌ను రెండు చానెళ్లదిగా పంపుతున్నారు. మాట లీలగా వినిపిస్తూ పైన ఎడతెగని హోరు ఉంటే, 8 బిట్ల ఫైల్‌ను 16గా చదువుతున్నారు, లేదా ఫైల్‌ను ఒక బైట్ అటూ ఇటూగా మొదలుపెట్టారు. 8 బిట్ల వేవ్ ఫైల్‌లో నిశ్శబ్దం అంటే 128, 16 బిట్లలో 0. ఈ తేడాను చాలా ఉదాహరణ కోడ్‌లు పట్టించుకోవు. ప్రతి మాట మొదట్లో ‘టప్’ మంటే, ఫైల్ తలకట్టును కూడా శబ్దంగా వాయిస్తున్నారు. అది మామూలుగా 44 బైట్లు. కానీ ఎడిటర్లు పాట పేరులాంటివి చేర్చితే ఇంకా పెరుగుతుంది, అందుకని 44 అని గుడ్డిగా దాటకుండా ‘data’ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాల గుర్తు కోసం వెతకాలి.

అన్నిటికన్నా తికమకపెట్టేది ఒకటుంది. చిన్న శబ్దాలు శుభ్రంగా, కాస్త గట్టిగానే వస్తాయి. పెద్ద శబ్దం రాగానే భయంకరంగా చీలిపోతుంది. వోల్టేజీ బాగుంది, గెయిన్ బాగుంది, స్పీకర్ కొత్తది. అప్పుడు చూడాల్సింది ఐటూఎస్ ఫార్మాట్. అసలు ఐటూఎస్‌లో ఎడమ-కుడి క్లాక్ మారిన తర్వాత ఒక బిట్ ఆగి మొదటి బిట్ వస్తుంది. లెఫ్ట్ జస్టిఫైడ్ అనే పద్ధతిలో ఆగకుండానే వస్తుంది. కోడ్‌లో రెండోది ఎంచుకుంటే చిప్ మొదటి బిట్‌ను వదిలేసి చదువుతుంది. అంకె రెట్టింపవుతుంది, చిన్నవి ఒదుగుతాయి, సగం స్థాయి దాటినవి గుర్తు మారి తలకిందులవుతాయి. చిప్ పేరు చివరి అక్షరం కూడా ఇక్కడ ముఖ్యమే: 98357ఏ ఐటూఎస్‌ది, 98357బీ లెఫ్ట్ జస్టిఫైడ్‌ది. కొనేటప్పుడే చూసుకోవాలి.

శాంప్లింగ్ రేటు (ఒక్కో చానెల్‌కు సెకనుకు పంపే అంకెల సంఖ్య) విషయంలో డేటాషీట్ స్పష్టంగా ఉంది. 8, 16, 32, 44.1, 48, 88.2, 96 కిలోహెర్ట్జ్ మాత్రమే. 11.025, 12, 22.05, 24 పనికిరావని విడిగా రాసి మరీ చెప్పారు. జాగా ఆదా చేద్దామని మాటలను 22.05లో సేవ్ చేసేవాళ్లు 16కు మార్చుకుంటే సరిపోతుంది, మాటకు అది చాలు. ఒక్కో ఫ్రేమ్‌కు (ఎడమ, కుడి అంకెల జతకు) బిట్ క్లాక్‌లు 32, 48, 64లో ఏదో ఒకటి ఉండాలి.

ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య చిటపటలతో వస్తే డీఎంఏ బఫర్లు (చిప్‌కు వెళ్లే అంకెలు ముందుగా నిల్వ ఉండే చోటు) చూడండి. ఎన్నో ఉదాహరణల్లో 8 బఫర్లు, ఒక్కోటి 64 ఫ్రేములు అని ఉంటుంది. మొత్తం 512 ఫ్రేములు, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 11.6 మిల్లీసెకన్ల నిల్వ. మెమరీ కార్డు అంతకన్నా ఎక్కువసేపు ఆలోచించిందంటే శబ్దానికి గండి పడుతుంది. 8 బఫర్లు, ఒక్కోటి 512 ఫ్రేములు పెడితే 93 మిల్లీసెకన్లు దొరుకుతాయి, మెమరీ 16 కిలోబైట్లే పడుతుంది. మాట అయిపోయాక చివరి ముక్క పదేపదే జుమ్ముమంటే, పాత బఫరే తిరుగుతోందని అర్థం. డ్రైవర్‌లో ఆటో క్లియర్ (వాడేసిన బఫర్‌ను సున్నాలు చేసే ఏర్పాటు) ఆన్ చేయండి. మాటకూ మాటకూ మధ్య క్లాక్ ఆపి మళ్లీ మొదలుపెట్టే బదులు సున్నాలు పంపుతూ ఉంటే మొదట్లో వచ్చే చప్పుడు కూడా పోతుంది.

స్పీకర్ పిన్నులు రెండూ వోల్టేజీతో ఊగుతుంటాయి, ఏదీ గ్రౌండ్ కాదు. మైనస్ అని రాసి ఉన్నా సరే దాన్ని గ్రౌండ్‌కు కలపకూడదు. హెడ్‌ఫోన్ సాకెట్‌కు, వేరే ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు ఇవ్వకూడదు. ఆ తీగల మీద సుమారు 300 కిలోహెర్ట్జ్ స్విచింగ్ నడుస్తుంటుంది, అందుకే మల్టీమీటర్ ఏసీ రేంజిలో చూపే అంకెకు అర్థం ఉండదు. తీగలను మెలితిప్పి 15 సెంటీమీటర్ల లోపు ఉంచండి, ఈఎస్‌పీ32 యాంటెన్నా పక్కగా పోనివ్వకండి. ఇంకా పొడుగు తప్పదంటే రెండు తీగలకూ చిప్ దగ్గరే, స్విచింగ్ గోలను అడ్డుకునే ఫెరైట్ బీడ్లు తొడగాలి. క్లాక్, డేటా తీగలు కూడా పొట్టిగా ఉండాలి, పక్కనే ఒక గ్రౌండ్ తీగ నడవాలి. 10 సెంటీమీటర్లు దాటితే ఈఎస్‌పీ32 చివర ఒక్కోదానికి 47 ఓంల రెసిస్టర్ పెట్టడం మంచిది. కొత్త బోర్డుతో వచ్చే పిన్నుల వరసను టంకం వేయకుండా రంధ్రాల్లో గుచ్చి పరీక్షించేవాళ్లు నిశ్శబ్దాన్ని ఎదుర్కోక తప్పదు. ఆ తాకిడి క్లాక్ అంచులకు చాలదు.

ఆ బొమ్మను మళ్లీ ముద్రించేటప్పుడు అడాప్టర్ నుంచి రెండు జతల తీగలు, 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్, గెయిన్ పిన్ను దగ్గర సప్లయ్‌కి తగ్గ అమరిక, స్పీకర్ ఓంలు, వాట్లు అందులో చూపమని మా మనవి. గడియారం కోడ్‌కు ముందు ఒక చిన్న పరీక్ష కోడ్ కూడా ఇవ్వండి. 44.1 కిలోహెర్ట్జ్ రేటుకు 441 హెర్ట్జ్ సైన్ తరంగం ఎంచుకుంటే ఒక ఆవృత్తికి సరిగ్గా 100 అంకెలు వస్తాయి, పట్టిక ఒక్కసారి తయారుచేసి తిప్పుతూ పంపడమే. శిఖరం 8000 పెట్టండి. 9 డెసిబెల్స్ గెయిన్‌తో 4 ఓంల స్పీకర్‌కు 0.2 వాటు మాత్రమే వెళుతుంది, ఏ స్పీకర్‌కూ హాని లేదు. ఇది శుభ్రంగా వినిపిస్తే తీగలు, ఫార్మాట్, చిప్ మూడూ సరిగ్గా ఉన్నట్టే. తర్వాత శిఖరాన్ని 16000కు, ఆపైన 32000కు పెంచాలి. ఏ మెట్టు దగ్గర గొంతు మారిందో చూసి, అదే క్షణంలో ఆంప్లిఫయర్ విన్, గ్రౌండ్ పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ కొలవాలి. 4.7 కన్నా కిందికి దిగుతోందంటే అడాప్టర్, తీగలు మార్చాలి. అక్కడ 5 నిలకడగా ఉండి కూడా గరగర వస్తే స్పీకర్‌ను మార్చి చూడాలి.

ఇట్లు,
మీ పాఠకులు